మూఢంలో లాప్‌టాప్‌లు

మూఢం వచ్చిందని లాప్‌టాప్‌లు పంచకుండా ఆపిన మనిషిని నేను చూశాను. ఎక్కడో విని చెబుతున్నది కాదు, ఆయన పక్కన కూర్చుని పులిహోర తిన్నదాన్ని. పైగా ఆయన ఇంజనీరు. గాలిమరల రెక్కలు ఎంత గాలికి ఎంత వంగుతాయో లెక్కగట్టడం ఆయన ఉద్యోగం. ఆ లెక్కలు కట్టే బుర్రతోనే పంచాంగం తిరగేసి, మే నెల దాకా మంచి రోజనేది లేదని తేల్చేశాడు. ఆ పంచాంగం విజయవాడ సూర్యోదయానికి కట్టింది. మేమున్నది జర్మనీలో, కాట్‌బస్‌లో. కరోనా వచ్చాక అది మొదటి చలికాలం. ఆ చలికాలం అక్కడ సూర్యుడు ఏ మూఢంతోనూ సంబంధం లేకుండానే కనబడడం మానేశాడు.

ఆయన మా తెలుగు సంఘానికి అధ్యక్షుడు. ఎన్నుకున్నారని విన్నాను గానీ, తాను ఓటు వేశానని చెప్పిన మనిషి ఇంతవరకు నాకు తగల్లేదు. గుంటూరు వైపు మనిషి. ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా ముందుగా ఫోన్ చేసేది ఆయనే. తర్వాత, తాను ఫోన్ చేసిన సంగతి మిగతా అందరికీ ఫోన్ చేసి చెప్పేదీ ఆయనే. సంఘం చేసే పనులు మూడు: ఉగాదికి పచ్చడి, దీపావళికి భోజనాలు, రెండింటికీ శాలువాలు. శాలువాలు కప్పించుకునేది ఓ పదిమంది. ఈ ఏడు కప్పినవాడికి వచ్చే ఏడు కప్పుతారు. బయటివాళ్ల భుజాలు వాళ్లకు కనబడవు.

కరోనాకు ఫంక్షన్లు ఆగిపోయి, ఆ శాలువాలన్నీ బీరువాలోనే ఉండిపోయాయి. సంఘానికి ఊపిరాడలేదు. సరిగ్గా అప్పుడే నేను వెళ్లి లాప్‌టాప్‌ల సంగతి చెప్పాను. ఆ ఆలోచన నాదే, ఒప్పుకుంటాను. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే కంపెనీలో పాత లాప్‌టాప్‌లు మార్చేస్తున్నారు. బళ్లు మూసేశారు. కాట్‌బస్ చుట్టూ ఉన్న పల్లెల్లో పిల్లలు ఫోన్లు పట్టుకుని పాఠాలు వింటున్నారు. జర్మనీ అనగానే మనవాళ్లకు కార్లూ రోడ్లూ గుర్తొస్తాయి గానీ, ఆ పల్లె బళ్లలో అప్పటికీ ఫ్యాక్స్ మిషనే పెద్ద దిక్కు. నేను మా మేనేజర్ని అడిగితే, ఒక్క మెయిలుతో ఇరవై రెండు లాప్‌టాప్‌లు ఇచ్చేశాడు. ఫోటో అడగలేదు, శాలువా అడగలేదు. డిస్కులు పూర్తిగా చెరిపేశాకే బయటికివ్వాలి, అదొక్కటే షరతు.

అక్కడితో ఆగి, నేనే బడికి ఫోన్ చేసి ఇచ్చేసి ఉంటే ఈ కథ లేదు. పది చేతులు పడితే పని తొందరగా అవుతుందనుకుని సంఘానికి చెప్పాను. పది నోళ్లు పడ్డాయి. ఆదివారం ఆదివారం ఆన్‌లైన్‌లో మీటింగు. మొదటి రెండు ఆదివారాలు కార్యక్రమానికి పేరు పెట్టడానికే చాలలేదు. పేరులో జ్యోతి ఉండాలా, దీపం ఉండాలా అని ఓటింగు పెట్టారు. మూడో ఆదివారం బ్యానరు మీద ఎవరి ఫోటో ఎంత ఉండాలో మాట్లాడుకున్నారు. నేను కెమెరా ఆపేసి, మైకు ఆపేసి, వాళ్ల మాటలు వింటూ టూత్‌బ్రష్‌తో కీబోర్డుల్లోంచి బిస్కెట్ ముక్కలు తీశాను. ఆ ఇరవై రెండు డిస్కులూ నేనే చెరిపాను, ప్రోగ్రాములన్నీ నేనే ఎక్కించాను, బ్యాటరీలు పోయినవాటికి నేనే బ్యాటరీలు మార్చాను. మీటింగుల చివర మాత్రం "మన టీమ్ చాలా కష్టపడుతోంది" అనేవాళ్లు. ఆ టీమ్‌లో మిగతావాళ్లెవరో నాకిప్పటికీ తెలియదు.

మాది ఒక్క గది ఇల్లు. ఇరవై రెండు లాప్‌టాప్‌లు పెట్టేసరికి మంచం మీద నాకు చోటు లేకుండా పోయింది. అధ్యక్షుడికి సొంత ఇల్లుంది, ఇంటి కింద పెద్ద కెల్లర్ ఉంది. అందులో బియ్యం బస్తాలు, పాత కార్ టైర్లు, ఆవకాయ జాడీలు ఉంటాయి. జనవరి మొదట్లో, సిద్ధమైన లాప్‌టాప్‌లన్నీ అట్టపెట్టెల్లో సర్ది తీసుకెళ్లి, టైర్ల పక్కన పెట్టి వచ్చాను. తాళం ఆయన దగ్గర.

ఆ వారమే ఒక నర్సు ఫోన్ చేసింది. ఆమెది నర్సాపురం దగ్గర ఊరు. మా దగ్గరి పల్లెలో ముసలివాళ్లను చూసుకునే హోమ్‌లో పని చేస్తుంది. ఆమె, ఆరో తరగతి చదివే కూతురు, ఇద్దరే ఉంటారు. అంతకుముందు ఏడాది దీపావళి భోజనాల్లో కలిసింది. ఆమె క్రైస్తవురాలు. తన కూతురి చెవిలో నాలుగు తెలుగు ముక్కలు పడతాయని వచ్చానని చెప్పి, వడ్డన దగ్గర నిలబడి చివరి మనిషి దాకా వడ్డించింది. ఆమెకు ఎవరూ శాలువా కప్పలేదు.

"అక్కా, మీరేదో కంప్యూటర్లు ఇస్తన్నారంట కదండీ. అవి మా పాప బడికేనంట" అంది. "ఫోన్లో ఆ ఫైళ్లు తెరుచుకోవట్లేదండి. పాప చేత్తో రాసి ఫోటో తీసి పెడతంది. టీచరమ్మేమో టైపు చేసే పెట్టాలంటంది. నేను డ్యూటీకెళ్తే ఫోను నాతోనే వచ్చేస్తది. ఇంక అది దేంట్లో చదువుద్దండి?"

కొనుక్కోవచ్చు కదా అని మా సంఘంలో ఒకాయన తర్వాత అన్నాడు. అప్పుడు షాపులు మూసి ఉన్నాయి. ఆన్‌లైన్‌లో కాస్త అందుబాటు ధరలో ఉన్నవన్నీ అయిపోయాయి. ఆయనింట్లో మాత్రం నాలుగున్నాయి.

ఆమె తొందరకు కారణం వేరే ఉంది. అక్కడ ఆరో తరగతి సగంలో, జనవరి ఆఖరుకు మార్కుల పత్రం ఇస్తారు. దానితో పాటు టీచర్లు ఓ సిఫారసు రాస్తారు. పిల్ల గిమ్నాజియుమ్‌కి, అంటే యూనివర్సిటీ దాకా నేరుగా తీసుకెళ్లే బడికి, పనికొస్తుందా లేదా అని. పదకొండేళ్ల పిల్లల మీద అంత పెద్ద మాట అంత సులువుగా రాసేస్తారు. ఈ పాప లెక్కల్లో తరగతికల్లా ముందుంది. జర్మన్ వచ్చి రెండేళ్లే అయినా మాట తడబడదు. కానీ బళ్లు మూసినప్పటి నుంచి పాప పేరు ఎదురుగా "అందలేదు, అందలేదు" అని పడుతోంది.

"వచ్చే శనివారం మీ ఇంట్ల ఉంటది. నేను మాటిస్తున్న" అన్నాను. ఆ మాట నేనిచ్చాను. అధ్యక్షుడు ఇవ్వలేదు.

ఫోన్ పెట్టేసి ఆయనకు చేశాను. "అన్నా, అన్నీ సిద్ధమైనయ్. శనివారం బడి గుమ్మం ముంగట పెట్టి వచ్చేద్దాం. ప్రిన్సిపల్ మేడం గూడ అట్లనే పెట్టిపొమ్మంటున్నది."

"గుమ్మం ముందు పెట్టి రావటానికి మనమేమన్నా పార్సిల్ వాళ్లమా అమ్మాయ్?" అన్నాడు. "ఒక పద్ధతుండాల. బ్యానరన్నా కట్టాల. అయినా ఇంకో నాలుగు రోజుల్లో గురు మూఢం వస్తందిగా. అది వదిలేతలికి శుక్ర మూఢం. నేనన్నీ చూశా. మే నెల్లో పెట్టుకుందాం, అప్పటికి లాక్‌డౌనూ పోద్ది, జనమూ వస్తారు."

"మూఢానికీ లాప్‌టాప్‌లకూ ఏం సంబంధమన్నా? పిల్లలకు బడి ఇప్పుడున్నది."

"సంబంధం లేకుండా ఎట్టుంటదమ్మా. విద్యాదానం అది. మూఢంలో ఎవడన్నా అక్షరాభ్యాసం చేస్తాడా?"

ఆదివారం మీటింగులో గొంతు పెంచి అడిగాను. పధ్నాలుగు మంది ఉన్నారు. అందరూ చదువుకున్నవాళ్లే. ఫిజిక్స్‌లో పరిశోధన చేస్తున్న ఒకాయన, "నాకైతే నమ్మకాల్లేవండీ, కానీ ఎందుకు రిస్క్" అన్నాడు. గురుడు సూర్యుడికి ఎంత దగ్గరగా వచ్చాడో ఆయన వేళ్ల మీద చెప్పగలడు. దానివల్ల పల్లెలో పిల్లలకు ఏ రిస్కో మాత్రం చెప్పలేకపోయాడు. ఇంకొకావిడ, "అన్నగారు అనుభవంతో చెబుతున్నారు" అంది. ఏ అనుభవమో తెలియదు. జర్మనీకి వచ్చి పన్నెండేళ్లయినా ఆ అన్నగారికి డాక్టరు దగ్గర టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, తీసుకోవడం తప్ప జర్మన్ రాదు. అయినా సభ మొత్తం తలూపింది. నేను చూసిన మూఢులంతా ఒకేసారి ఒకే తెరమీద, చిన్నచిన్న గళ్లలో కూర్చుని కనబడింది అప్పుడే.

"సరే, ఒక్కటివ్వండన్నా. ఆ నర్సు బిడ్డకు. మిగిలినయి మే నెలల ఇద్దాం" అని విడిగా మళ్లీ ఫోన్ చేశాను. సిగ్గు విడిచి అడిగాను.

"ఒక్కటి తీస్తే మొదలెట్టినట్టే గదమ్మాయ్" అన్నాడు, ఎంతో ఓపిగ్గా. "పైగా మనోళ్లకి మనం ముందు ఇచ్చుకున్నామని రేపెవడన్నా అంటే? సంఘానికి చెడ్డపేరు."

ఈ సంగతి నర్సుకు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. "మేం ప్రభువును నమ్ముకున్నోళ్లమండి అక్కా. మాక్కూడా మూఢం పట్టాలా?" అంది. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నాకు తేలికగా ఉండేది.

తర్వాత ప్రిన్సిపల్ ఫోన్ చేసింది. పరికరాలు సిద్ధమన్నారు, ఎప్పుడు వస్తాయి అని మర్యాదగా అడిగింది. నాకు జర్మన్ బాగానే వచ్చు. కానీ బృహస్పతి అస్తమించాడని ఆ మనిషికి చెప్పడానికి నోరు రాలేదు. "నిర్వహణ కారణాల వల్ల ఆలస్యమవుతోంది" అన్నాను. ఆ దేశంలో ఆ మాటకు ఎదురు ప్రశ్న ఉండదు. వాళ్ల సొంత ఆఫీసులన్నీ ఆ మాట మీదే బతుకుతాయి. ఆమె సరేనని పెట్టేసింది.

జనవరి ఆఖరున నర్సు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. మార్కుల పత్రం. లెక్కల్లో తప్ప అన్నిట్లో ఒక మెట్టు కిందికి దిగింది. కింద టీచరు రెండు వాక్యాలు రాసింది: ఇంటి దగ్గర నుంచి పని సక్రమంగా అందలేదు, కాబట్టి మామూలు బడి మేలు. కావాలంటే రెండేళ్లు పోయాక బడి మార్చుకోవచ్చని ప్రిన్సిపల్ చెప్పిందట.

ఆ వారమంతా నేను అధ్యక్షుణ్ణి తిట్టుకుంటూ గడిపాను. స్నేహితురాళ్లకు ఫోన్లు చేసి ఆయన మాటలు ఆయన గొంతుతో అనుకరించి చెప్పాను. వాళ్లు పగలబడి నవ్వారు. గురుడి మీద, శుక్రుడి మీద కొత్త కొత్త వెటకారాలు పుట్టించాను. ఒకరోజు అలా ఫోన్లో నవ్విస్తూ నవ్విస్తూ, చార్జరు కోసం అల్మరా పై అర తీశాను. అక్కడ నా పాత లాప్‌టాప్ ఉంది. మూడేళ్ల కిందటిది. మూత కీలు కొంచెం వదులు, అంతే. అంతకుముందు కూడా చూశాను దాన్ని. నర్సు ఫోన్ చేసిన రోజున కూడా అది అక్కడే ఉందని నాకు తెలుసు. నాకు దాని అవసరమూ లేదు. బస్సెక్కి వెళ్లి ఇచ్చి రావడానికి ముప్పావుగంట పట్టేది.

ఎందుకివ్వలేదో చెబుతాను. ఇచ్చేస్తే ఆయన తప్పు చిన్నదైపోతుంది. ఆయన తప్పు ఎంత పెద్దదైతే నాకంత బాగుండింది. అంత నీచంగా ఉంది నా లోపల, అంతకన్నా మర్యాదైన మాట నాకు దొరకలేదు. అల్మరా మూసేశాను. ఆ రోజుకే ఆ పిల్ల సిఫారసు అయిపోయింది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఫిబ్రవరిలోనూ పాఠాలు ఫోన్లోనే నడిచాయి.

మే నెల వచ్చింది. మూఢం వదిలింది. బళ్లు సగం సగం తెరిచారు, ఒక రోజు కొందరు పిల్లలు, మరో రోజు కొందరు. శనివారం పొద్దున ప్రారంభోత్సవం. మాస్కులతో, టెస్టు చీటీలతో బడి ఆవరణలో నిలబడ్డాం. అధ్యక్షుడు పట్టుపంచె మీద చలికోటు వేసుకుని వచ్చాడు. బయల్దేరేటప్పుడు వ్యాను చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. ఆయన భార్య అన్ని లాప్‌టాప్‌ల మూతలకూ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. కీబోర్డుల మీద పెట్టకుండా నేను అడ్డుపడ్డాను. ఆ బొట్ల పక్కనే ఒక్కోదానికి ఒక స్టిక్కరు. అందులో సంఘం పేరు వేలెడంత, అధ్యక్షుడి బొమ్మ అరచేయంత.

ప్రిన్సిపల్ ఒకటి చేతిలోకి తీసుకుని చూసి, "ఈయన ఎన్నికల్లో నిలబడుతున్నారా?" అని నన్నడిగింది. నిజంగానే అడిగింది, వెటకారం లేదు. కాదన్నాను. ఆమె స్టిక్కరు మీద గోరుతో ఒకసారి గీకి చూసింది.

పిల్లలెవరూ రాలేదు. రారని ఆమె నెల కిందటే రాసింది. పిల్లల ఫోటోలకు తల్లిదండ్రులు ఒప్పుకోలేదు, సోమవారం బడే పంచుకుంటుంది, వచ్చినవాళ్లకు కాఫీ ఇస్తాం అని. ఆ మెయిలు నేను తెలుగులో చెప్పాను కూడా. అధ్యక్షుడు దాన్ని మొహమాటం అనుకున్నాడు. మన దగ్గర వద్దు వద్దంటూనే శాలువా కప్పించుకుంటారు కదా, అలాగని. ఇప్పుడు ఖాళీ ఆవరణ, వెనక బ్యానరు, ముందు ఇరవై రెండు బొట్లు. ఆయన మొహం చూడాలి. నేను చూశాను, తనివితీరా చూశాను.

అప్పుడే ఆయనకు నర్సు కనబడింది. ఆమెకు ముందే ఆయన ఫోన్ చేశాడు, పాప చేతికే ఇస్తాం, వచ్చి తీసుకోండని. ఆమె డ్యూటీ నుంచి తిన్నగా వచ్చినట్టుంది, కోటు కింద తెల్ల ప్యాంటు. పక్కన కూతురు. పట్టులంగా వేయించమన్నాడట. పాప జీన్సులో వచ్చింది.

"మన పాపుందిగా!" అన్నాడు. "మన పిల్లకి పర్మిషన్లెందుకు. రామ్మా, రా."

నర్సు నా వైపు చూసింది. వద్దని చెప్పడానికి ఆమెకు నేను కావాలి. నేను బ్యానరు తాడు సరిచేస్తున్నట్టు అటు తిరిగాను.

పాపను మెట్ల మీద నిలబెట్టారు. ఆ పదిమందిలో ఒకరు శాలువా కప్పారు. అది మోకాళ్ల కిందికి దిగింది. అధ్యక్షుడు లాప్‌టాప్ ఒక కొస తను పట్టుకుని, రెండో కొస పాప చేతికిచ్చి, "నేను చెప్పిందాకా వదలమాకు" అన్నాడు. ఒక ఫోటో. మాస్కు తీసి ఇంకోటి. ఎండ మొహాన పడుతోందని చోటు మార్చి ఇంకోటి. ఆయన వదలడు, పాప వదలలేదు. చివరికి వదిలి, ఫోన్‌లో వీడియో పెట్టించి, "నాలుగు ముక్కలు మాట్లాడమ్మా" అన్నాడు.

పాప తల్లి వైపు చూసింది. తర్వాత జర్మన్‌లో, స్పష్టంగా, ఎక్కడా తడబడకుండా చెప్పింది: "థాంక్స్. నాకిది జనవరిలో కావాల్సింది."

అందరూ చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపల్ కొట్టలేదు. నర్సు నేల చూపులు చూసింది. చప్పట్లు కొట్టినవాళ్లలో కొందరికి జర్మన్ వచ్చు, చేతులు సగంలో ఆగడం చూశాను. తర్వాత మళ్లీ కొట్టారు.

"ఏమందమ్మాయ్? చెప్పు, వీడియోలో పడాల" అని అధ్యక్షుడు నా వైపు తిరిగాడు. ఫోన్ నా మొహానికి ఎదురుగా వచ్చింది.

నాలుగు నెలలుగా ఆ మనిషికి చెప్పాలనుకున్న మాట అది. నేను కూడా అంత బాగా చెప్పలేకపోయేదాన్ని. ఉన్నదున్నట్టు తెలుగులోకి మారిస్తే చాలు.

"చాలా సంతోషంగా ఉందట" అన్నాను. "సంఘానికి కృతజ్ఞతలు చెబుతున్నది."

ఇంకోసారి చప్పట్లు పడ్డాయి. అధ్యక్షుడు కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే తుడుచుకున్నాడు, ఆయన్ని నేను అన్నిటికీ అనుమానించినా ఆ కన్నీళ్లను అనుమానించను. కాఫీలకు అందరూ లోపలికి కదిలారు. పాప శాలువా తీసి, మడత పెట్టి, మెట్టు మీద ఉంచింది. లాప్‌టాప్ మూత మీద బొట్టు పాప కోటు చేతికి అంటుకుంది. నా పక్క నుంచి పోతూ ఆగింది. ఆ పిల్లకు నర్సాపురం తెలుగు బాగా వచ్చు. వాళ్లమ్మ అందుకే కదా మా దీపావళికి తీసుకొచ్చింది.

"నేను అలాగనలేదు కదా ఆంటీ" అంది.